పాలిచ్చినంతసేపు

కాలవలో ఈదొచ్చిన తల్లి పాలు తాగితే పిల్లకి పడిశం పడుతుందని శ్యామలాంబ అంటుంది. అలాంటిదేమీ లేదని డాక్టరమ్మ అంటుంది. డాక్టరమ్మ రాజమండ్రిలో ఉంటుంది, శ్యామలాంబ ఇంట్లోనే ఉంటుంది. ఎవరి మాట నెగ్గిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ఇల్లు మండపేట పక్క ఊళ్ళో, కాలవ గట్టునే. శ్యామలాంబ కూతురు హారతి మండపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. కాన్పుకని పుట్టింటికొచ్చింది. మొగుడు సురేష్‌బాబు పోలవరం పనుల దగ్గర సూపర్‌వైజరు. నెలకోసారి వచ్చి, పిల్లని ఎత్తుకుని, అత్తగారు ఏమంటే దానికి తలూపి వెళ్తుంటాడు.

మండపేటలో అప్పటికి రెండేళ్ళుగా ఫిబ్రవరిలో ఒక పోటీ పెడుతున్నారు. దాని పేరు ట్రయాథ్లాన్. నోరు తిరగనివాళ్ళు మూడాటల పందెం అంటారు. ముందు కాలవలో ముప్పావు కిలోమీటరు ఈత. గట్టెక్కి, తడి ఒంటితోనే ఇరవై కిలోమీటర్ల సైకిలు. సైకిలు దిగీ దిగగానే అయిదు కిలోమీటర్ల పరుగు. మధ్యలో గడియారం ఆగదు. బూట్లు తొడుక్కున్నా, మంచినీళ్ళు తాగినా అదంతా లెక్కలోకే వస్తుంది. పెద్ద పోటీలతో చూస్తే ఇది చిన్నదేనంటారు గానీ, గట్టు మీద నుంచుని చూసేవాళ్ళకి మాత్రం అలా అనిపించదు.

మొదటి ఏడు హారతి ఆడవాళ్ళలో రెండోది. రెండో ఏడు మొదటిది. అప్పటికే నెల తప్పిందని ఆ తరవాత తెలిసింది. పిల్ల దసరా వెళ్ళిన వారానికి పుట్టింది. మూడో పోటీ రెండువేల ఏడు ఫిబ్రవరిలో.

ఇలాంటి పోటీకి ఒళ్ళు తయారయ్యేది పోటీలు లేని చలికాలంలోనే. ఆ సంగతి హారతికి తెలుసు. డాక్టరమ్మ సరేననగానే డిసెంబరులో మొదలుపెట్టింది. తెల్లారగట్ల పిల్లకి పాలిచ్చి పడుకోబెట్టి, నడకకి వెళ్ళొస్తానని చెప్పి కాలవలో దిగేది. పదిహేను రోజులు బాగానే సాగింది. మొదటి వారం రేవు నుంచి తూము దాకా వెళ్తేనే రొప్పు వచ్చేసేది. రెండో వారానికి వంతెన దాకా ఈది, ఎదురు నీళ్ళలో వెనక్కి రాగలిగింది. చేతులు మళ్ళీ తన చేతుల్లా అనిపించాయి.

డిసెంబరు ఆఖర్లో పిల్లకి జలుబు చేసింది. రెండు రోజుల్లో గొంతులో గురక, మూడోనాడు ఆసుపత్రి. నెమ్ము అన్నారు. ఇంటికొచ్చాక శ్యామలాంబ కూతురి జుట్టు చిక్కు తీస్తూ ఆగింది. జడ పాయల మధ్య పచ్చగా నాచు పోగు. తీసి చూపుడువేలి మీద పెట్టుకుని కూతురి మొహం ముందు పెట్టింది.

"ఏంటే ఇది?"

హారతి జడ వెనక్కి లాక్కుంది.

"నడక్కెళ్తే నాచు అంటుకుంటుందా తల్లీ? మన ఊళ్ళో రోడ్ల మీద నాచు మొలుస్తోందా?"

ఆ రోజుతో ఈత కట్టు. ఊరంతా శ్యామలాంబ కళ్ళే. రేవులో బట్టలుతికేవాళ్ళు, గేదెల్ని కడిగేవాళ్ళు, గట్టున కొబ్బరికాయలు లెక్కేసేవాళ్ళు, ఎవరు చూసినా కబురు ఇంటికొచ్చేస్తుంది. పిల్ల కోలుకునేదాకా పరుగూ లేదు. జనవరి సగంలో మళ్ళీ కదిలింది. మార్కెట్టుకని, పోస్టాఫీసుకని, మందులకని చెప్పి సైకిలు మీద రామచంద్రపురం రోడ్డు పట్టేది. మందులు మండపేటలోనే దొరుకుతాయని శ్యామలాంబకి తెలీక కాదు. సైకిలు తొక్కితే పాలు చల్లబడవు కాబట్టి ఊరుకుంది.

ఈతకి మాత్రం ఏ దారీ దొరకలేదు. మధ్యాహ్నం పిల్ల పడుకున్నాక వసారాలో బల్ల మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ గాలిలో తిప్పుతూ ఈదేది. ఒకనాడు పక్కింటావిడ మజ్జిగ కోసం వచ్చి, చూసి, గిన్నెతో అలాగే వెనక్కి వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఊళ్ళో నలుగురు శ్యామలాంబని ఆపి, బాలింతకి గాలి తగిలిందేమో చూపించుకోమన్నారు.

పోటీకి వారం ముందు తల్లీ కూతుళ్ళు ఒప్పందానికి వచ్చారు. ఒప్పుకోక హారతికి వేరే దారి లేదు. పిల్ల సీసా పట్టదు, డబ్బాపాలు నోట్లో పోస్తే ఉమ్మేస్తుంది. పిల్లని ఎత్తుకుని అక్కడ కూర్చునే మనిషి రాకపోతే పోటీయే లేదు.

"నేనొస్తా," అంది శ్యామలాంబ. "కానీ ఒక మాట. ఈ ఏడు ఆడవాళ్ళలో మొదటి ఇద్దర్నీ వైజాగ్‌లో ట్రైనింగు క్యాంపుకి పంపుతారన్నావు కదా. ఆ ఇద్దరిలో నువ్వుంటే వైజాగ్ ఏంటి, ఢిల్లీ అయినా పిల్లనెత్తుకుని నీ వెనకాలే వస్తా. లేకపోయావో, ఆ ఈత డ్రెస్సు అటకెక్కించెయ్. మళ్ళీ ఈ పోటీల మాట నా దగ్గర ఎత్తకూడదు."

"పిల్ల పెద్దదయ్యాకైనా?"

"పిల్ల పెద్దదయ్యేసరికి ఇంకో పిల్ల ఉంటుంది."

హారతి కాసేపు ఆలోచించింది. ఈత ఎటూ పోయింది. సైకిలు మీదా పరుగులోనూ లాగితే ఇద్దరిలో ఒకర్తి కాకపోతానా అనుకుంది. "సరే," అంది.

పోటీ రోజు పిల్లకి కడుపునిండా పాలిచ్చి, తల్లీ కూతుళ్ళూ మనవరాలూ ఆటోలో వచ్చారు. సైకిలు ఆటో పైన తాళ్ళతో కట్టారు. పోటీ ఏడింటికన్నారు. అంటే పిల్లకి మళ్ళీ ఆకలేసేసరికి అంతా అయిపోతుంది. శ్యామలాంబ లెక్కా అదే, హారతి లెక్కా అదే.

పోటీ నడిపించేది చిట్టియ్య మాస్టారు. హైస్కూల్లో వ్యాయామం టీచరుగా రిటైరైన మనిషి. మెళ్ళో విజిలు, చేతిలో గడియారం, నెత్తి మీద తెల్ల టోపీ. ముఖ్య అతిథి ఉదయభాస్కర్‌గారు. రైసుమిల్లు యజమాని, కప్పులూ అరటిపళ్ళూ ఆయనవే. రాత్రి రాజమండ్రిలో పెళ్ళికి వెళ్ళారు. ఆయన వచ్చి జెండా ఊపందే పోటీ మొదలవదు.

"ద్వారపూడి దాటేశారంటండి. వచ్చేస్తున్నారు," అన్నారు మాస్టారు ఏడుంబావుకి. పోటీదార్లందర్నీ రేవు మెట్ల మీద వరస కట్టించారు. చేతుల మీద నంబర్లు రాశారు. ఫొటో కోసం ఎవరూ కదలొద్దన్నారు.

"ద్వారపూడి దాటేశారంటండి," అన్నారు ఎనిమిదింటికి.

"ఇందాక దాటింది ఎవరండీ మరి?" అన్నాడు మగవాళ్ళ వరసలోంచి ఒకడు.

హారతి గట్టు మీదికి చూసింది. శ్యామలాంబ ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది. లేపి ఓసారి పాలివ్వనా అని సైగ చేసింది. నిద్రపోయే పిల్లని లేపడమేంటన్నట్టు శ్యామలాంబ కళ్ళెర్రజేసింది.

ఆడవాళ్ళు నలుగురే. హారతి పక్కన నూకరత్నం, అంతర్వేది వైపు నుంచి వచ్చింది. వాళ్ళది చేపల వేట ఇల్లు. ఏటిలో పుట్టినట్టే ఈదుతుంది, మాట తక్కువ. ఆ పక్కన దుర్గాశ్రీ, రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది. వాళ్ళ నాన్న కొనిచ్చిన గేర్ల సైకిలు, అది తుడవడానికి ప్రత్యేకంగా ఒక పసుపు గుడ్డ. నాలుగో అమ్మాయి పేరు రాయించుకుంది గానీ నీళ్ళ చలి చూసి మెట్ల మీదే కూర్చుండిపోయింది.

ఎనిమిదిన్నర దాటాక ముఖ్య అతిథి వచ్చారు. ఒక శాలువా, ఒక దండ, ఒక ప్రసంగం. యువత ఆరోగ్యంగా ఉండాలన్నారు. ఆ మాటతోపాటే గట్టు మీద పిల్ల లేచి గుక్కపట్టింది. హారతి ఒక మెట్టెక్కబోయింది. ఇంతలో జెండా ఊగింది, విజిలు మోగింది, అందరూ నీళ్ళలో పడ్డారు.

దాళ్వా పంటకి వదిలిన నీరు. కాలవ నిండుగా, వాలుకి బాగానే లాగుతోంది. మొదటి వంద గజాలూ హారతి చేతులు మాట విన్నాయి. ఆ తరవాత భుజాల్లో సీసం పోసినట్టయింది. బల్ల మీద ఈదిన ఈత బల్లకే పనికొచ్చిందని అర్థమైంది. నూకరత్నం తల నీళ్ళలో ఒకసారి కనపడి మళ్ళీ కనపడలేదు. దుర్గాశ్రీ కూడా ముందుకెళ్ళింది. గుర్రపుడెక్క తీగొకటి చేతికి చుట్టుకుంది. విదిలించుకుని, కాసేపు వెల్లకిలా తిరిగి ఊపిరి పట్టుకుని, మళ్ళీ ఈదింది. గట్టెక్కేసరికి మూడోది.

గట్టు పైన స్కూలు ఆటస్థలం. అక్కడే సైకిళ్ళు నిలబెట్టారు, అక్కడే షామియానా. తాడు కట్టిన బాటలో హారతి పరుగెత్తుకొస్తుంటే అందరికంటే ముందు పిల్ల ఏడుపు వినపడింది. తాడు అవతల శ్యామలాంబ పిల్లని భుజానేసుకుని ఊపుతోంది. హారతి సైకిలు మీదున్న మొగుడి పాత చొక్కా తడి ఒంటి మీదే తొడుక్కుని చేతులు చాపింది.

"ఇటియ్యి."

శ్యామలాంబ రెండడుగులు వెనక్కేసింది. "ఏంటి ఇచ్చేది? నీళ్ళోడుతున్నావు. మంచుగడ్డలా ఉంది నీ ఒళ్ళు. ఈ చలవ పాలు పడితే రాత్రికి మళ్ళీ గురకే."

"ఏడుస్తోంది కదమ్మా!"

"ఏడవనీ. ఒళ్ళు వేడెక్కాక రా, ఇస్తా."

"ఏం చేస్తే వేడెక్కుతుంది?"

"కాసేపు ఎండలో నుంచో."

హారతి సైకిలు వైపు చూసింది. "తొక్కొస్తే వేడెక్కుతుందిగా?"

శ్యామలాంబ ఆలోచించింది. అందులో తప్పేం కనపడలేదు. "ఎక్కుతుంది," అంది.

హారతి బూట్లు తొడుక్కుని సైకిలెక్కింది. రామచంద్రపురం రోడ్డు ఆ నెలంతా ఆమె మందులకని తిరిగిన రోడ్డే. ఏ మలుపులో గుంటుందో, ఎక్కడ బియ్యం లారీలు ఆగుతాయో, ఏ మిల్లు దగ్గర ఊకబూడిద కళ్ళలో పడుతుందో అన్నీ తెలుసు. వెళ్ళేటప్పుడు గాలి వెనకనుంచి తోసింది. తిరిగొచ్చేటప్పుడు ఎదురొచ్చింది. దుర్గాశ్రీ గేర్లు మార్చీ మార్చీ గొలుసు ఊడగొట్టుకుని, రోడ్డు పక్కన చేతులు నల్లగా చేసుకుంటూ కనపడింది.

"వేలు పెట్టకు, పుల్లతో ఎక్కించు," అని అరుస్తూ దాటిపోయింది హారతి.

ఇప్పుడు తను రెండోది. నూకరత్నం ఎక్కడో ముందుంది, అందదు. అందక్కర్లేదు కూడా. రెండో చోటు చాలు. కానీ రొమ్ములు రెండూ రాళ్ళలా బిగిసిపోయాయి. రోడ్డు మీద ప్రతి గతుకూ అక్కడే తగులుతోంది. ఊరు దగ్గరపడే కొద్దీ చొక్కా ముందు భాగం తడిసి, ఎండకి ఆరి, మళ్ళీ తడిసింది.

ఆటస్థలంలోకి వచ్చేసరికి పిల్ల ఇంకా ఏడుస్తోంది. గొంతు బొంగురుపోయింది. శ్యామలాంబ ఈలోగా పంచదార నీళ్ళు పట్టింది, లారీలు చూపించింది, ముఖ్య అతిథిగారి శాలువా అంచు చూపించింది. ఏదీ పనిచెయ్యలేదు.

"వేడెక్కా," అంది హారతి సైకిలు దిగుతూ. "ఇటియ్యి."

శ్యామలాంబ కూతురి మెడ కింద చెయ్యేసి చూసి, కాలినట్టు తీసేసింది. "కాలిపోతున్నావే! ఇవి కాగిపోయిన పాలు. ఇవి పట్టావంటే విరేచనాలే."

"ఇందాక చలవన్నావు. ఇప్పుడు వేడంటావు. ఈ రెంటికీ మధ్య ఎప్పుడుంటుందే నీకు?"

"నీడపట్టున కూర్చుంటే అదే వస్తుంది."

చిట్టియ్య మాస్టారు పరుగున వచ్చారు. "అమ్మాయ్, రెండో ప్లేసులో ఉన్నావు! నూకరత్నం అప్పుడే గట్టెక్కి వంతెన వైపు పోతోంది. దుర్గాశ్రీ ఇంకా రాలేదు. నువ్వు పో! పో!"

హారతి పరుగు బాట వైపు నాలుగడుగులు వేసింది. పిల్ల ఏడుపు ఒక్కసారి ఆగింది. మానడం కాదు. గుక్క తిరగలేదు. మొహం ఎర్రబడి, నోరు తెరుచుకుని, శబ్దం లేదు. హారతి వెనక్కి వచ్చేసింది. అమ్మ చేతుల్లోంచి పిల్లని లాక్కుని షామియానా నీడలో నేల మీద చతికిలబడింది.

"ముందు పాలు పిండెయ్యవే! ఆ మొదటి పాలన్నా పిండెయ్!" అంది శ్యామలాంబ.

హారతి నాలుగు ధారలు మట్టిలోకి పిండింది. తల్లి మాట కోసం కొంత, బిగువు తగ్గితే గానీ పిల్ల నోటికి అందదని కొంత. శ్యామలాంబ తన కొంగు విప్పి కూతురి మీదుగా కప్పి, జనానికి అడ్డంగా నుంచుంది. పిల్ల పట్టుకుంది. ఆ చుట్టుపక్కల కాసేపు గుటకల చప్పుడొకటే వినపడింది.

అప్పుడు వచ్చింది దుర్గాశ్రీ. చేతులు మోచేతుల దాకా గ్రీజు. సైకిలు నిలబెట్టి, నీళ్ళు తాగి, పరుగు బాట ఎక్కబోతూ షామియానా కింద చూసి ఆగిపోయింది.

"అక్కా… నేను వెళ్ళనా?"

"వెళ్ళమ్మా. నన్నడిగేదేంటి?"

ఆ అమ్మాయి ఇంకో క్షణం నుంచుని, వెళ్ళిపోయింది. ఆమె తండ్రి మాత్రం మాస్టారి దగ్గరికి వచ్చాడు. "ఏవండీ, మధ్యలో బయటివాళ్ళ సాయం తీసుకుంటే పోటీలోంచి తీసెయ్యాలని రూలుంది కదండీ. ఆవిడకి వాళ్ళమ్మగారు సాయం చేస్తున్నారు."

మాస్టారు టోపీ తీసి గోక్కున్నారు. "సాయం తీసుకోకూడదని ఉందండి. ఇవ్వకూడదని లేదండి. అక్కడ ఇస్తున్నది ఆ అమ్మాయే కదండీ?"

పెద్దమనిషి కొంగు వైపు చూసి, చూడకూడదని గుర్తొచ్చి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పిల్ల ఒక వైపు ఖాళీ చేసి, నోరు వదిలి, కళ్ళు మూసింది. రెండో వైపు మార్చి ఇంకా పట్టాలి. హారతి అలా చెయ్యలేదు. పిల్లని తల్లి చేతుల్లో పెట్టి గుండీలు పెట్టుకుని లేచింది.

పరుగు కాలవ గట్టు మీద. వంతెన మీదుగా అటు గట్టున కొంత దూరం వెళ్ళి, అదే దారిన వెనక్కి. దుర్గాశ్రీ అప్పటికే వంతెనకి సగం దూరంలో పసుపు చుక్కలా ఉంది. హారతికి ఒక వైపు తేలిగ్గా, ఒక వైపు బరువుగా ఉంది. కుడి అడుగు పడ్డప్పుడల్లా సూదులు పొడిచినట్టుంది. కుడి చెయ్యి రొమ్ముకి అదిమి పెట్టుకుని, ఎడం చెయ్యి ఒక్కటే ఆడిస్తూ పరుగెత్తింది. చూసేవాళ్ళకి అది ఇంకో రకం పరుగు అనిపించి ఉంటుంది. వంతెన మీద నూకరత్నం ఎదురుపడింది. తల వంచుకుని, ఎవర్నీ చూడకుండా, ఒకే తీరుగా పోతోంది.

తిరుగుదారిలో దుర్గాశ్రీ అలిసింది. హారతికి ఆ చుక్క మనిషయింది, మనిషికి జడ కనపడింది, జడకున్న రబ్బరు బ్యాండు రంగు కనపడింది. ఇంకో ఫర్లాంగుంటే అందేదే. లేదు. ఆటస్థలం గేటు వచ్చేసింది. దుర్గాశ్రీ ముగ్గు గీత దాటి కూలబడింది. రెండు కరెంటు స్తంభాల మధ్య ఉండేంత దూరంలో హారతి వచ్చి దాటింది.

మూడోది.

హారతి మోకాళ్ళ మీద చేతులానించి ఊపిరి తీసుకుంటోంది. మాస్టారు కాగితం మీద పేర్లు రాసుకుంటున్నారు. శ్యామలాంబ పిల్లని చంకనేసుకుని వచ్చి ఆయన ముందు నుంచుంది.

"మాస్టారండీ, మా అమ్మాయికి మూడని రాశారేంటి?"

"మూడో దానిగా వచ్చిందండి మరి."

"పాలిచ్చినంతసేపు తీసేశారా?"

"తియ్యడమేంటండీ?"

"మరి? అదంతా కలిపి లెక్కేస్తే ఎలాగండీ? మీరే చూశారుగా, పరుగెత్తింది కాదు, తొక్కింది కాదు. నేల మీద కూర్చుంది. కూర్చున్న సేపు పోటీ ఎలాగవుతుంది?"

"అమ్మగారండీ, ఈ పోటీలో గడియారం ఆగదండి. గొలుసూడితే ఆ అమ్మాయికీ తియ్యలేదు కదండీ."

"గొలుసు ఆవిడ తప్పు. పిల్ల ఎవరి తప్పండీ?"

పక్కన అరటిపండు తింటున్న ఇద్దరు కుర్రాళ్ళు నవ్వు ఆపుకున్నారు. మాస్టారికి చెమట పట్టింది. శ్యామలాంబ గొంతు పెంచింది.

"ఏడింటికన్నారు. పిల్లకి కడుపునిండా పట్టించే బయల్దేరాం. ఏడింటికి మొదలెట్టుంటే ఇది లేచేసరికి మా అమ్మాయి వచ్చేసి ఉండేది. మీ పెద్దమనిషి పెళ్ళి భోజనం అరిగేదాకా పడుకుని తొమ్మిదింటికొస్తే, ఆకలి నా మనవరాలికేసింది. ఆయన ఆలస్యం మా పిల్ల లెక్కలో రాశారు మీరు. ఇదెక్కడి న్యాయమండీ?"

షామియానా కింద ఉదయభాస్కర్‌గారు కూల్‌డ్రింకు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నారు. మాస్టారు ఆయన వైపు ఒకసారి, శ్యామలాంబ వైపు ఒకసారి చూశారు. "మీరన్నది నిజమేనండి," అన్నారు నెమ్మదిగా. "కానీ నేను చేసేదేం లేదండి. కాగితం ఇలాగే వైజాగ్ వెళ్ళాలి. నూకరత్నం, దుర్గాశ్రీ."

శ్యామలాంబ ఆ కాగితం వైపే చూసింది. మార్చరని అర్థమైంది. ఆటస్థలమంతా ఒకసారి చూసి, ఓడిపోయినదాన్ని చూసి జాలిపడే మొహాలు నాలుగు కనపడగానే ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది. అప్పుడు హారతి వచ్చి పిల్లని అందుకుంది. స్కూలు మెట్టు మీద కూర్చుని, గోడ వైపు తిరిగి, గుండీలు విప్పింది. ఒంట్లోంచి ఆవిర్లొస్తున్నా శ్యామలాంబ ఈసారి వేడనీ అనలేదు, చలవనీ అనలేదు. ఆమె ధ్యాసంతా మాస్టారి మీదే ఉంది.

"అయితే ఒకటి చెప్తున్నా వినండి," అంది వేలు చూపిస్తూ. "వచ్చేయేడు ఏడింటికంటే ఏడింటికే మొదలెట్టాలి. అతిథి రాకపోతే జెండా నాకివ్వండి, నేనూపుతా. లేదంటే మేమొచ్చేదీ లేదు, మీ పందెం చూసేదీ లేదు."

"అలాగేనండి. వచ్చేయేడు ఏడింటికేనండి," అన్నారు మాస్టారు.

హారతి తల ఎత్తలేదు. తన నోటివెంట వచ్చిన ఆ 'వచ్చేయేడు' అమ్మ తనే వినే లోపల, చప్పుడు చెయ్యకుండా పిల్లని కుడివైపుకి సర్దుకుంది.